కొలతను చాటిన హకీం ఇబ్నె సీనా

కట్టంగూరు వంటి మెట్ట ప్రాంతాల్లో కలబంద తెలియని ఇల్లు ఉండదు. ఆ జాతి మొక్కల ఆకుల నుంచి కారే పసుపుపచ్చని చేదు రసాన్ని ఎండబెడితే ముసాంబరం అవుతుంది. దీనినే యూనానీ హకీములు సిబర్ అంటారు. సిబర్‌కు దాల్చినచెక్క, జటామాంసి, మస్తగీ, కుంకుమపువ్వు మొదలైనవి చేర్చి తయారుచేసే విరేచన ఔషధమే అయారిజె ఫైఖరా. పవిత్రమైన చేదు మందు అని దాని గ్రీకు పేరుకు అర్థం. గ్రీకు వైద్యుల నుంచి అరబ్బులకు అందిన ఈ యోగానికి తన గ్రంథంలో చోటిచ్చిన మహా వైద్యుడు షేఖ్ బూ అలీ ఇబ్నె సీనా.

ఆయన క్రీ.శ. 980లో బుఖారా సమీపంలోని అఫ్షనా గ్రామంలో జన్మించారు. పదేళ్ల ప్రాయానికే దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారు. పద్దెనిమిదేళ్లు నిండకముందే బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్‌కు చికిత్స చేసి, రాజ గ్రంథాలయంలో ప్రవేశం పొందారు. తరువాత హమదాన్ పాలకుడు షంసుద్దౌలాకు ఖూలంజ్ అనే పేగుశూల నయం చేసి, ఆయన కొలువులో వజీరు అయ్యారు. ఆ పాలకుని మరణానంతరం ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బందీగా ఉన్నప్పుడు ఆ ఖూలంజ్ మీదనే ఒక గ్రంథం రాశారు. ఐదు భాగాల 'అల్ ఖానూన్'లో చివరి భాగాన్ని మిశ్రమ ఔషధాలకు, వాటి పాళ్లకు కేటాయించారు.

విధి విచిత్రం! చివరకు ఆ ఖూలంజే ఆయనను పట్టుకుంది. పాలకుడు అలావుద్దౌలా సైన్యంతో కదలవలసి ఉన్నందున, త్వరగా కోలుకోవాలని ఒకే రోజు ఎనిమిది సార్లు ఎనీమా తీసుకున్నారు. పేగులు పుండ్లు పడ్డాయి. రెండు దానఖ్‌ల అజమోదం గింజలు కలపమంటే వైద్యుడు ఐదు దిర్హముల ఎత్తు వేశాడని శిష్యుడు జూజ్జానీ రాశాడు. దిర్హముకు ఆరు దానఖ్‌లు. అంటే పదిహేను రెట్లు!

ఇక తన శరీరం కోలుకోదని గ్రహించి ఇబ్నె సీనా మందులు మానేశారు. బానిసలను విడుదల చేశారు. పేదలకు దానం చేశారు. మూడు రోజులకొకసారి ఖుర్ఆన్ పారాయణం పూర్తి చేస్తూ గడిపారు. 1037లో, హిజ్రీ 428 రంజాన్ మాసంలో, హమదాన్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి అక్కడే ఉంది.

12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువాదమైన 'అల్ ఖానూన్' 17వ శతాబ్దం దాకా ఐరోపా విద్యాలయాల్లో పాఠ్యగ్రంథంగా నిలిచింది. హైదరాబాద్ చార్మినార్ చెంతనున్న నిజామియా తిబ్బీ కళాశాల వంటి చోట్ల యూనానీ వైద్యవిద్య నేటికీ సాగుతోంది.

ముసాంబరం పేగులను కదిలించే ఘాటైన మందు. గర్భిణులకు, పసివారికి అది తగదు. చెట్టు మందే కదా అని చేతికందినంత మింగరాదు. కొలత తప్పితే మందే విషమవుతుందని ఆ మహా హకీం జీవితాంతం మనకు బోధిస్తోంది.