యల్లాప్రగడ సుబ్బారావు: గర్భిణికి ఇవ్వవలసిన మందు, ఇవ్వకూడని మందులు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే పేగుల వ్యాధికి సోదరుణ్ణి పోగొట్టుకున్నారు. 1920ల ఆరంభంలో బోస్టన్ చేరి, హార్వర్డులో ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు.

స్ప్రూ రోగులలో కనిపించే రక్తహీనతే గర్భిణులనూ పీడించేది. బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1928లో భారతదేశానికి వచ్చి, బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ సారంలోని ఏదో పదార్థం దానిని నయం చేస్తున్నదని గ్రహించారు. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని కృత్రిమంగా తయారుచేసే విధానాన్ని 1945 నాటికి సాధించింది సుబ్బారావు నేతృత్వంలోని బృందమే. గర్భస్థ శిశువు వెన్నుపాము, మెదడుగా రూపొందే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల లోపే మూసుకుంటుంది; అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందుకే గర్భధారణకు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యులు చెబుతారు.

ఆయన కీర్తిగాథలో అరుదుగా ప్రస్తావనకు వచ్చే పార్శ్వం మరొకటి ఉంది. కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని నిర్మాణాన్ని కొద్దిగా మార్చి, దాని పనికే అడ్డుపడే అమినోప్టెరిన్‌ను, ఆపై మెథోట్రెక్సేట్‌ను ఆ ప్రయోగశాలే రూపొందించింది. అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో ల్యుకీమియా బాలలకు తాత్కాలిక ఉపశమనం కలిగించగలిగారు. అయితే క్యాన్సర్ కణం వలె పిండమూ శరవేగంగా విభజన చెందేదే. ఈ మందులు గర్భస్రావానికి, శిశువులో అవయవ లోపాలకు కారణమవుతాయని తరువాతి కాలంలో తేలింది.

బోదకాలు నివారణకు వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆ ప్రయోగశాల దేనే. ఈ మాత్రలను ఊరంతటికీ పంచేటప్పుడు గర్భిణులను మినహాయిస్తారు. అక్కడే వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ వర్గానికి ఆది ఔషధం. ఈ వర్గపు మందులు గర్భస్థ శిశువు దంతాలలో చేరి వాటి రంగును శాశ్వతంగా మారుస్తాయి కనుక సాధారణంగా గర్భిణులకు ఇవ్వరు.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గర్భస్థ శిశువుపై మందుల ప్రభావాన్ని ముందుగా పరీక్షించాలన్న కట్టుదిట్టం, 1960ల ఆరంభంలో థాలిడోమైడ్ విషాదం బయటపడ్డాకే వచ్చింది.

నేడు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారికి, దుష్ఫలితాలు తగ్గించేందుకు ఫోలిక్ ఆమ్లాన్నీ అదే చీటీలో రాస్తారు. ఆ రెండో మాత్ర ఉన్నంత మాత్రాన మొదటిది గర్భంలోని శిశువుకు నిరపాయకరం కాదు. బిడ్డను కోరుకునే స్త్రీ ఆ విషయాన్ని నెలల ముందే వైద్యునికి తెలిపి, ఆయన పర్యవేక్షణలోనే మందు మార్చుకోవాలి.