మన పే స్లిప్పుల అంబేడ్కర్

ఏప్రిల్ 14 అచ్చిందంటే మనూళ్లల్ల అంబేడ్కర్ బొమ్మకు దండ పడకుంట ఉండది. రాజ్యాంగం రాసిండు, రిజర్వేషన్లు తెచ్చిండు అని బడి పోరగాడు సుత చెప్తడు. గానీ మన జీతంల, సుస్తయితే దొరికే ఛుట్టీల గాయన చెయ్యి ఉన్నదని చెప్పెటోళ్లు తక్కువ.

నేను లింగంపల్లిల ఉంట. సంగారెడ్డి, జహీరాబాద్, వికారాబాద్ దిక్కు నుంచి వచ్చి ఈడ ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీకి పోయే పిల్లగాండ్లను దినాం చూస్త. అందరు కంప్యూటర్ ముంగట కూసునెటోళ్లు కాదు. హౌస్ కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, క్యాబ్ డ్యూటీలు చేసెటోళ్లే మస్తుమంది. జరం వచ్చి రెండు దినాలు పోకపోతే నాగా రాసి పైసలు కోస్తరు. అది న్యాయమే అనుకుంటరు వాళ్లు. గందుకే ఈ ముచ్చట రాస్తున్న.

అంబేడ్కర్ 1891ల మహూ కంటోన్మెంట్ల పుట్టిండు. తండ్రి రాంజీ ఫౌజుల సుబేదార్. తర్వాత ఇంటిల్లిపాది బొంబాయికి వచ్చి, మిల్లు కూలీలుండే పరేల్ దిక్కు చాల్‌ల ఒక్క అర్రల సంసారం నడిపిన్రు. ఆడి నుంచే 1913ల అమెరికాకు పోయి కొలంబియా యూనివర్సిటీల చదివిండు. తర్వాత లండన్ల చదివిండు. చదివింది ఎక్కువ ఆర్థికశాస్త్రమే. గంత చదువు చదివొచ్చి సుత ఏండ్ల తరబడి పరేల్ చాల్‌లనే ఉన్నడు. కూలోని కష్టం ఆయనకు పుస్తకంల చదివింది కాదు, పక్కింట్ల చూసింది.

1936ల ఆయన పెట్టిన పార్టీ పేరే ఇండిపెండెంట్ లేబర్ పార్టీ. కులం బాధ, కూలి బాధ రెండింటినీ ఒక్క జెండా కిందికి తెచ్చిండు. 1938ల బొంబాయి సర్కారు సమ్మెలకు అడ్డం పడే బిల్లు తెస్తే, కమ్యూనిస్టులతో కలిసి నవంబర్ 7న ఒక్క దినం సమ్మె చేయించిండు. కూలీకి పని బంద్ పెట్టే హక్కు లేకపోతే గది వెట్టే అయితదని ఆయన వాదన.

1942 జులైల వైస్రాయ్ కౌన్సిల్ల లేబర్ మెంబర్ అయిండు. ఇప్పటి లెక్కల చెప్తే కార్మిక మంత్రి. యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ నాలుగేండ్లల్ల చేసిన పని చూడుండ్రి. 1943ల ధన్‌బాద్ బొగ్గు గనులల్లకు దిగి కూలీల బతుకు కండ్లార చూసిండు. 1945ల ఫ్యాక్టరీ చట్టం మార్పించి, ఏడాది పనిచేసినోళ్లకు జీతంతోని 10 దినాల ఛుట్టీ పెట్టించిండు. 1946ల వారానికి 54 గంటలున్న పనిని 48కి దించిండు. అదే ఏడాది ఏప్రిల్ 11న కనీస వేతనాల బిల్లు సభల పెట్టిండు. సుస్తయిన కూలీకి బీమా ఎట్లుండాల్నో అడార్కర్ రిపోర్టు తయారైంది సుత ఆయన శాఖ కిందనే. ఆ రిపోర్టు మీదనే 1948ల ఈఎస్ఐ చట్టం వచ్చింది.

అన్నీ ఆయనొక్కడే చేసిండు అంటే అబద్ధమైతది. కనీస వేతనాల చట్టం, ఈఎస్ఐ చట్టం పాసయిననాడు కార్మిక మంత్రి జగ్జీవన్ రాం. యుద్ధం పేరు మీద 1943ల ఆడోళ్లను మళ్ల గనుల లోపలికి పంపింది సుత అంబేడ్కర్ శాఖనే. దాన్ని చానా మంది తప్పుపట్టిన్రు. మొగోళ్లతోని సమానంగ కూలి ఇయ్యాలని చెప్పి ఆయన సమర్థించుకున్నడు. 1946ల ఆ నిషేధం మళ్ల అమలైంది.

ఇగ లింగంపల్లికి వద్దం. ఈడికి పక్కనే ఆర్సీపురంల ఈఎస్ఐ దవాఖాన ఉన్నది. నెలకు 21,000 రూపాయల దాక జీతమున్నోళ్లకు ఈఎస్ఐ వర్తిస్తది. మన జీతంల నూటికి 75 పైసలు కోస్తరు, కంపెనీ నూటికి 3 రూపాయల 25 పైసలు కట్టాలె. కంపెనీ వాటాను మన జీతంల కోసుడు చెల్లది. ఆరు నెలల లెక్కల 78 దినాల వాటా కట్టి ఉంటే, తర్వాత సుస్తయినప్పుడు ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 దినాల దాక జీతంల 70 శాతం వస్తది. అది దయ కాదు. మనం, కంపెనీ కలిసి కట్టిన పైసలు.

ఇంకోటి. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిల 12 దినాలు సిక్ లీవు, 12 దినాలు క్యాజువల్ లీవు, 240 దినాలు పనిచేస్తే 15 దినాల ఆర్జిత సెలవు. అన్నీ జీతంతోనే. ఐటీ కంపెనీలకు పని గంటల రూల్స్ల కొన్ని సడలింపులు ఉన్నయి గానీ, ఈ ఛుట్టీలు ఆ సడలింపుల లేవు. ఏజెన్సీ కింద చేస్తున్నవు, నీకు వర్తించవు అని సూపర్వైజర్ అంటే నమ్మకుండ్రి. ఏజెన్సీ సుత సంస్థనే.

మరి చట్టం గింత మంచిగుంటే నాగా ఎందుకు రాస్తున్రు? దానికి జవాబు సుత అంబేడ్కర్ జీవితంలనే ఉన్నది. యూనియన్‌ను మాలికి తప్పకుంట గుర్తించాల్నని 1943లనే ఆయన బిల్లు పెట్టిండు. 1947ల అది చట్టమైంది గానీ అమల్లకు రానే రాలే. జీతం, ఛుట్టీల కాగితాలు చేతికొచ్చినయి. కలిసి అడిగే బలమిచ్చే కాగితం మాత్రం బీరువల్నే ఉండిపోయింది. ఒక్కడు అడిగితే రేపటి నుంచి రావొద్దంటరు. ఒక ఫ్లోర్ల పదిమంది కలిసి, రాసిచ్చి అడిగితే లెక్క చూపెట్టక తప్పది.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఈ నెల మూడు పనులు చేయుండ్రి. అపాయింట్‌మెంట్ లెటర్ అడుగుండ్రి. పే స్లిప్పుల ఈఎస్ఐ కటింగ్ ఉన్నదా చూసి, మీ నంబర్ రాసుకోండ్రి. పైసలు కోసి కడ్తలేరని తెలిస్తే ఈఎస్ఐ ఆఫీసుల, ఛుట్టీ ఇయ్యకుంటే లేబర్ ఆఫీసుల కాగితం పెట్టుండ్రి. పోయేటప్పుడు ఒక్కలే పోకుండ్రి.