తేలికదనాన్ని నమ్మిన ఇంజనీరు: కోలిన్ చాప్మన్

పందెపు కారు అనగానే మన కనుల ముందు పెద్ద ఇంజనూ, దాని గర్జనా మెదులుతాయి. శక్తిని కొనగలవారిదే గెలుపని లోకం భావించే రోజులలో, చేతిలో చాలినంత ధనం లేని ఒక లండన్ విద్యార్థి వేరొక మార్గం వెదికాడు. అతడే ఆంథొనీ కోలిన్ బ్రూస్ చాప్మన్.

ఆయన 1928 మే 19న ఇంగ్లండులోని రిచ్మండ్‌లో జన్మించాడు. తండ్రి హోటలు నడిపేవాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కట్టడాల ఇంజనీరింగు చదువుతూనే, విశ్వవిద్యాలయ వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకొన్నాడు. తక్కువ లోహంతో ఎక్కువ దృఢత్వం సాధించడమెలాగో మొదటి విద్య బోధించింది. గాలితో ఎలా మెలగాలో రెండవది చూపింది. 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, ప్లైవుడ్డూ అల్యూమినియమూ కలిపి దానికి కొత్త దేహం నిర్మించాడు. తరువాతి కాలంలో భార్య అయిన హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇంటి వెనుక గారేజీయే ఆయన కర్మాగారం. 1952లో లోటస్ సంస్థ స్థాపనకు మూలధనంగా హేజెల్ ఇచ్చినది ఇరవై అయిదు పౌండ్లు.

ఆనాడు 750 మోటార్ క్లబ్బు సామాన్య ఔత్సాహికుల కోసం పందెములు నిర్వహించేది. అందరికీ ఒకే 747 సి.సి. ఆస్టిన్ ఇంజను. ఆ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలీ, పెట్రోలూ ప్రవేశించే ద్వారాలు రెండే. చాప్మన్ 1951లో ఆ ద్వారాలలో అడ్డుగోడ కల్పించి, ప్రతి సిలిండరుకూ ప్రత్యేకమైన దారి ఏర్పరచాడు. శక్తి పెరిగింది, పందెములు గెలిచాడు. క్లబ్బువారు ఆ ఉపాయాన్ని నిషేధించారు. నిబంధన అక్షరాన్ని పాటిస్తూనే దాని సందులలో నుండి దూరిపోయే నేర్పు ఆయనకు కడదాకా ఉన్నది. దానిని మెచ్చుకోవాలో, సందేహించాలో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

చిన్న ఇంజను నుండి పిండగల శక్తికి హద్దు ఉన్నది. కాని శక్తిని బరువుతో భాగించి చూస్తే లెక్క మారుతుంది. సమానమైన శక్తి గల రెండు కార్లలో తేలికైనదే ముందుగా వేగం పుంజుకొంటుంది. మలుపు వద్ద ఆలస్యంగా బ్రేకు వేసినా నిలుస్తుంది. వేగం హెచ్చే కొద్దీ మాత్రం అసలు శత్రువు గాలి. ఎదురుగాలిలో సైకిలు తొక్కి కాలేజీకి వచ్చే మన విద్యార్థులకు ఇది చెప్పనక్కరలేదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దానిని జయించడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుచేతనే 1954లో చాప్మన్, విమానశాస్త్రం ఎరిగిన ఫ్రాంక్ కాస్టిన్ చేత మార్క్ ఎయిట్ కారుకు నునుపైన దేహం రూపొందింపజేశాడు. 1956లో స్టిర్లింగ్ మాస్ ఇటలీలోని మోంజాలో, 1100 సి.సి. లోటస్ ఎలెవెన్‌పై గంటకు 143 మైళ్ల వేగంతో ఒక చుట్టు తిరిగాడు.

1957లో వచ్చిన లోటస్ సెవెన్ గాలి విషయంలో దీనికి పూర్తిగా విరుద్ధం. చక్రాలు బయట, ముఖం మొండి. అయినను అతి తేలిక. పొడవైన తిన్నని బాటలో గాలి దానిని అడ్డగించినా, వంకరటింకర బాటలలో తనకంటె ఎన్నో రెట్లు ఖరీదైన కార్లను అది వెనుకకు నెట్టేది. విడిభాగాలుగా కొని ఇంటి వద్దనే బిగించుకొనే వీలుండడంతో ఔత్సాహికులకు ప్రాణప్రదమైంది.

తరువాత గ్రాండ్ ప్రీ విజయాలు వరుసగా వచ్చాయి. 1963 నుండి 1978 వరకు ఏడుమార్లు నిర్మాతల ప్రపంచ బిరుదు లోటస్‌కు లభించింది. అయితే తేలికదనానికి వెల కూడా ఉన్నది. లోటస్ కార్ల భాగాలు పెళుసుగా ఉంటున్నాయని ఆయన డ్రైవరు యోఖెన్ రింట్ లేఖ వ్రాసి మరీ హెచ్చరించాడు. 1970 సెప్టెంబరు 5న మోంజాలో గాలి నిరోధం తగ్గించడానికి రెక్కలు తొలగించిన లోటస్ 72 బ్రేకు షాఫ్టు విరిగి, కారు రోడ్డు పక్క కడ్డీలకు ఢీకొన్నది. రింట్ మరణించాడు. ఆ ఏటి ప్రపంచ బిరుదు మరణానంతరం ఆయనకే దక్కింది.

చాప్మన్ 1982 డిసెంబరు 16న గుండెపోటుతో తన 54వ ఏట కన్నుమూశాడు. డెలోరియన్ కార్ల సంస్థకు బ్రిటిష్ ప్రభుత్వమిచ్చిన ధనం దారి మళ్లిన వ్యవహారంలో ఆయన పేరు వినవచ్చింది గాని, సంజాయిషీ చెప్పడానికి ఆయన లేడు. సెవెన్ తయారీ హక్కులను మాత్రం 1973లోనే కేటర్‌హామ్ సంస్థ తీసుకొన్నది. ఆ కారును స్వహస్తాలతో బిగించుకొని, సెలవు దినాలలో పందెములకు వెళ్లే ఔత్సాహికులు నేటికీ ఉన్నారు.