ఆరోగ్యవరపు వైద్యుడు

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము మన పెద్దపంజాణి వారికి సుపరిచితము. 1915వ సంవత్సరమున అచట క్షయరోగుల చికిత్సాలయము వెలసెను. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరుగారు దాని ప్రథమాధికారి.

ఆనాడు క్షయను హరించు మందు లేదు. చెడిన ఊపిరితిత్తి ప్రతి శ్వాసకును కదలుచుండుటచే పుండు మానకుండెడిది. కావున రోగులకు విశ్రాంతియు, శుభ్రవాయువును, పుష్టికరాహారమును ఒసంగుచు, తగినవారికి సూదితో రొమ్ములోని పొరల నడుమ గాలి నింపెడివారు. ఆ ఊపిరితిత్తి ముడుచుకొని విశ్రమించుచుండ, రెండవది శ్వాసభారము వహించెడిది. నింపిన గాలి ఇంకిపోవుటచే మరల మరల నింపవలసియుండెను. అందరును బ్రదుకలేదు, బ్రదికినవారు దీర్ఘకాలము ఓర్పు వహించిరి.

1943వ సంవత్సరమున స్ట్రెప్టోమైసిను కనుగొనబడిన పిదప ఈ పద్ధతి క్రమముగా మరుగుపడెను. ఆయన కుమారుడు యోహన్నెస్‌గారును అచటనే క్షయవైద్యము సాగించిరి.

విద్యార్థులారా! మందులేని దినములలోను రోగిని విడువని వైద్యుని స్మరింపుడు.