వరదను ఊరికి ఎగువనే ఆపిన విశ్వేశ్వరయ్య

ఎర్రమల కొండల అంచున ఉన్న పాణ్యం ప్రాంత ప్రజలకు వాగులు పొంగడం కొత్త కాదు. కొండమీద కుండపోతగా కురిస్తే నీటితోపాటు బురద, రాళ్లు, చెట్లు కొట్టుకొస్తాయి. అలాంటి ఉధృతిని ఊరిదగ్గర కాదు, ఎగువనే అదుపు చేయాలని చెప్పిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వీకులది నల్లమల అవతల బేస్తవారిపేట సమీపాన ఉన్న మోక్షగుండం గ్రామం. వారు మైసూరు సంస్థానానికి తరలివెళ్లారు. అక్కడి ముద్దేనహళ్లిలో సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య జన్మించారు. చిన్ననాడే తండ్రి మరణించగా, బెంగుళూరులో పిల్లలకు చదువు చెబుతూ తాను చదువుకున్నారు. పూనాలో ఇంజనీరింగు ముగించి బొంబాయి ప్రభుత్వ సర్వీసులో చేరారు. వరద వస్తే వాటంతటవే తెరుచుకునే తలుపులను 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చి పేరు పొందారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్య కూలిన ఇళ్లు చూసి ఊరుకోలేదు. నదికి ఎగువన ఉన్న చెరువుల లెక్క తీయించారు. 788 చెరువుల్లో 221 తెగినట్లు తేలింది. పై చెరువు తెగి ఆ నీరంతా కింది చెరువుపై పడడంతో అదీ తెగింది. ఇలా వరుసగా తెగిన నీరు ఒక్కసారిగా నగరంపై పడింది.

నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు కట్టాలని, వరదను అక్కడ నిలిపి నది భరించగలిగినంతే కిందికి వదలాలని ఆయన సూచించారు. నగరంలో నది గట్లు ఎత్తు చేయాలని, మురుగు కాలువలు నిర్మించాలని కూడా చెప్పారు. ఆ తర్వాత ఇతర ఇంజనీర్ల చేతులమీదుగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి.

విశ్వేశ్వరయ్య 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు నిండిన జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే ఇంజనీర్ల దినోత్సవం.

బండలు, బురద దొర్లివచ్చే వాగులకు జపానులో కొండల్లోనే సాబో అనే అడ్డుగోడలు కడతారు. రాళ్లు గోడ వెనుక ఆగిపోతాయి, నీరు వేగం తగ్గి దిగుతుంది. మన వంకల్లో వేసే రాతికట్టలు చిన్న ఎత్తున చేసే పనీ అదే. అయితే కట్ట వెనుక నిండిన మట్టిని తీయకపోతే, చెరువు అలుగుకు అడ్డం వేస్తే, కట్టినవేవీ ఊరిని కాపాడలేవు. వానలు రాకముందే గ్రామస్థులు కలిసి ఎగువ చెరువుల కట్టలు, అలుగులు చూసుకోవడమే ఆ మహనీయునికి తగిన నివాళి.