లారీ స్నైడర్

లారీ స్నైడర్ (1896 - 1982) అమెరికాకు చెందిన ప్రముఖ అథ్లెటిక్స్ శిక్షకుడు. ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 1932 నుండి 1965 వరకు ప్రధాన శిక్షకుడిగా పనిచేశాడు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో అమెరికా పురుషుల అథ్లెటిక్స్ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా వ్యవహరించాడు. లోకానికి ఇతడు జెస్సీ ఓవెన్స్ గురువుగానే ఎక్కువగా తెలుసు. అయితే 1935 - 1937 మధ్య కాలంలో ఇతని శిష్యులలో ఓవెన్స్‌తో కలిపి ముగ్గురు దూకుడు క్రీడలలో ప్రపంచ రికార్డులు సాధించారు. ఒక కళాశాల శిక్షకునికి ఇది అరుదైన ఘనత.

తొలి జీవితం

స్నైడర్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమాన చోదనం నేర్పే శిక్షకుడిగా పనిచేశాడు. ఆ తరువాత ఒహాయో స్టేట్‌లో విద్యార్థిగా చేరి, హర్డిల్స్ పరుగులో పేరు తెచ్చుకున్నాడు. 1932లో అదే విద్యాలయపు జట్టు బాధ్యతలు స్వీకరించాడు.

జెస్సీ ఓవెన్స్ రాక

క్లీవ్‌లాండ్ నగరంలో పాఠశాల విద్యార్థిగా ఉండగానే ఓవెన్స్ దేశమంతటా ప్రసిద్ధుడయ్యాడు. 1933 శరదృతువులో ఒహాయో స్టేట్‌లో చేరాడు. అతనికి క్రీడా ఉపకారవేతనం లేదు. రాష్ట్ర శాసనసభ భవనంలో లిఫ్టు నడుపుతూ చదువుకున్నాడు. ఆ రోజులలో విద్యాలయపు వసతి గృహంలో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం లేదు. అందువలన ఓవెన్స్, అతని చిన్ననాటి స్నేహితుడు డేవ్ ఆల్‌బ్రిటన్ బయట అద్దె గదిలో నివసించారు. జట్టుతో పోటీలకు వెళ్ళినప్పుడు కూడా చాలా ఊళ్ళలో వీరి భోజనం, బస వేరుగానే ఉండేవి. ఈ పద్ధతిని స్నైడర్ మార్చలేకపోయాడు. అతని అధికారం మైదానం వరకే పరిమితమయ్యింది.

మైదానంలో మాత్రం అతని పని సునిశితమైనది. సహజమైన వేగం ఉన్నవానికి నేర్పవలసినది ఏమీ లేదని భావించే శిక్షకులు అప్పట్లో ఎక్కువ. స్నైడర్ అలా భావించలేదు. పరుగు మొదలుపెట్టేటప్పుడు ఓవెన్స్ శరీరాన్ని మరింత ముడుచుకొని కూర్చునేటట్లు చేశాడు. లాంగ్‌జంప్‌లో పలకను తన్ని పైకి లేచిన తరువాత గాలిలో నడుస్తున్నట్లుగా కాళ్ళు ఆడించే పద్ధతిని నేర్పాడు. పలకను తన్నినప్పుడు శరీరం ముందుకు తూలిపోవడం సహజం. కాళ్ళు ఆడించడం వలన ఆ తూలు తగ్గి, దిగేటప్పుడు పాదాలు బాగా ముందుకు చాచడానికి వీలు కలుగుతుంది. దూకిన దూరం మడమ గుర్తు నుండి కొలుస్తారు కనుక ఈ కొద్దిపాటి లాభమే రికార్డుకూ, మామూలు దూకుడుకూ మధ్య తేడాగా మారుతుంది.

1935 మే 25

మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్‌లో బిగ్ టెన్ పోటీలు జరిగిన రోజు ఇది. కొద్ది రోజుల ముందు ఓవెన్స్ కిందపడి వెన్ను నొప్పితో బాధపడుతున్నాడు. అతనిని పోటీ నుండి తప్పించాలని స్నైడర్ ఆలోచించాడు కూడా. చివరకు ఒక్కొక్క అంశంగా చూద్దామనే ఒప్పందంతో బరిలోకి దింపాడు. ఆ తరువాతి ముప్పావు గంటలో జరిగినది అథ్లెటిక్స్ చరిత్రలో సాటిలేనిది. 100 గజాల పరుగును 9.4 సెకన్లలో ముగించి ఓవెన్స్ ప్రపంచ రికార్డును సమం చేశాడు. లాంగ్‌జంప్‌లో ఒకే ఒక్కసారి దూకి 26 అడుగుల 8¼ అంగుళాల (8.13 మీటర్లు) దూరం సాధించాడు. 220 గజాల పరుగును 20.3 సెకన్లలోనూ, 220 గజాల హర్డిల్స్‌ను 22.6 సెకన్లలోనూ పూర్తిచేసి మరో రెండు కొత్త రికార్డులు నెలకొల్పాడు. వీటిలో లాంగ్‌జంప్ రికార్డు 25 సంవత్సరాలు నిలిచింది.

హైజంప్ శిష్యులు

ఓవెన్స్ నీడలో మరుగునపడినవారు ఆల్‌బ్రిటన్, మెల్ వాకర్. 1936 జూలైలో న్యూయార్క్‌లో జరిగిన ఒలింపిక్ ఎంపిక పోటీలలో ఆల్‌బ్రిటన్, కార్నీలియస్ జాన్సన్ ఇద్దరూ 2.07 మీటర్లు దాటి ప్రపంచ రికార్డును పంచుకున్నారు. బెర్లిన్‌లో జాన్సన్ స్వర్ణం, ఆల్‌బ్రిటన్ రజతం గెలిచారు. ఆ జట్టులో చోటు దక్కని వాకర్ మరుసటి సంవత్సరం ఆగస్టులో స్వీడన్‌లోని మాల్మోలో 2.09 మీటర్లు దాటి వారి రికార్డును అధిగమించాడు.

బెర్లిన్, తరువాతి వివాదం

1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు అమెరికా జట్టు ప్రధాన శిక్షకుడు లాసన్ రాబర్ట్‌సన్. స్నైడర్‌కు అధికారిక పదవి లేకపోయినా శిష్యుని వెంట అక్కడికి వెళ్ళాడు. ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచాడు. లాంగ్‌జంప్‌లో అతను దూకిన 8.06 మీటర్లు ఒలింపిక్ రికార్డు అయ్యింది.

క్రీడలు ముగియకముందే అమెరికా అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ తన క్రీడాకారులను ఐరోపా నగరాలలో ప్రదర్శన పోటీలకు పంపింది. ప్రవేశ రుసుములలో వాటా యూనియన్‌కు, అలసట క్రీడాకారులకు. కొలోన్, ప్రాగ్, బోకుమ్, లండన్ నగరాలలో పాల్గొన్న తరువాత ఓవెన్స్ స్వీడన్ వెళ్ళడానికి నిరాకరించాడు. అప్పటికే అమెరికా నుండి వేలాది డాలర్ల ఆదాయం ఆశచూపుతూ తంతివార్తలు వచ్చాయి. స్నైడర్ శిష్యుని పక్షాన నిలిచాడు. పేద కుటుంబంలో పుట్టిన యువకుడు సంపాదించుకొనే అవకాశానికి అడ్డుపడే హక్కు తనకు లేదని బహిరంగంగానే తెలియజేశాడు. యూనియన్ వెంటనే ఓవెన్స్‌ను సస్పెండ్ చేసింది.

ఈ నిర్ణయం వలన ఎక్కువ నష్టపోయిన శిక్షకుడు స్నైడరే. ఓవెన్స్‌కు కళాశాల తరఫున ఇంకా ఒక సంవత్సరం పోటీ చేసే అర్హత ఉన్నది. అమెచ్యూర్ హోదా పోవడంతో 23వ ఏటనే అతని క్రీడాజీవితం ముగిసిపోయింది. పైగా ఆ తంతివార్తలలో చాలావరకు ఉత్తుత్తివే అని తేలింది. ఓవెన్స్ కొంతకాలం గుర్రాలతో పోటీపడి పరుగెత్తి కుటుంబాన్ని పోషించవలసి వచ్చింది. ఆ వాగ్దానాలను నమ్మడంలో స్నైడర్ అంచనా తప్పింది. శిష్యుని బ్రతుకును జట్టు విజయాల కంటే ముందు ఉంచడంలో మాత్రం తప్పు పట్టడానికి లేదు.

రోమ్ ఒలింపిక్స్

యుద్ధానంతరం స్నైడర్ శిష్యులలో మాల్ విట్‌ఫీల్డ్ 1948, 1952 ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణాన్ని, గ్లెన్ డేవిస్ 1956, 1960లో 400 మీటర్ల హర్డిల్స్ స్వర్ణాన్ని గెలిచారు.

1960 ఆగస్టు 12న రాల్ఫ్ బోస్టన్ కాలిఫోర్నియాలో 8.21 మీటర్లు దూకి, యాన్ ఆర్బర్‌లో నెలకొన్న రికార్డును చెరిపివేశాడు. సెప్టెంబరు 2న రోమ్‌లో 8.12 మీటర్లతో స్వర్ణం గెలిచి, బెర్లిన్ నాటి ఒలింపిక్ రికార్డును కూడా దాటాడు. అప్పుడు బోస్టన్ ఉన్న జట్టుకు ప్రధాన శిక్షకుడు స్నైడరే కావడం విశేషం.

ఆ క్రీడలు అతనికి పూర్తిగా కలసిరాలేదు. 100, 200 మీటర్ల స్వర్ణాలు జర్మనీ, ఇటలీ క్రీడాకారులకు దక్కాయి. 4x100 మీటర్ల రిలేలో అమెరికా అనర్హత పాలయ్యింది. హైజంప్ ప్రపంచ రికార్డు కలిగిన జాన్ థామస్ ఇద్దరు సోవియట్ క్రీడాకారుల వెనుక కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. అమెరికా పత్రికలు శిక్షణను తీవ్రంగా విమర్శించాయి. మరోవైపు, మన మిల్ఖా సింగ్ నాలుగవ స్థానంలో నిలిచిన 400 మీటర్ల పరుగును ప్రపంచ రికార్డుతో గెలిచిన ఓటిస్ డేవిస్ కూడా ఈ జట్టులోని వాడే.

చివరి రోజులు

1965లో స్నైడర్ పదవీ విరమణ చేశాడు. 1978లో అమెరికా జాతీయ అథ్లెటిక్స్ కీర్తి మందిరంలో ఇతనికి స్థానం కల్పించారు. 1980 మార్చి 31న ఓవెన్స్ కన్నుమూశాడు. తరువాత రెండు సంవత్సరాలకు, 1982 సెప్టెంబరులో, స్నైడర్ మరణించాడు.