మార్గరెట్ డేహాఫ్

ఒక గ్రంథమునకు మూలప్రతి నశించి, చేతివ్రాతప్రతులు మాత్రమే మిగిలినపుడు పండితులు ఆ తాళపత్రముల నన్నిటిని ఒకచోట చేర్చి, అక్షరమక్షరమును సరిపోల్చి చూతురు. ఒకే విధమైన లేఖక దోషము రెండు ప్రతులలో కనబడినచో, ఆ రెండును ఒకే ప్రతినుండి పుట్టియుండునని గ్రహింతురు. ఇట్టి పరిశోధనమునే ప్రాణుల శరీరములందలి పదార్థముల విషయమున జరిపి, ఒక నూతన శాస్త్రమునకు పునాది వేసిన విదుషి మార్గరెట్ డేహాఫ్.

ఆమె 1925వ సంవత్సరము మార్చి 11వ తేదీన అమెరికా దేశమందలి ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. తల్లిదండ్రులకు ఆమె ఏకైక సంతానము. ఆమెకు పదియేండ్ల ప్రాయమున ఆ కుటుంబము న్యూయార్కు నగరమునకు తరలిపోయెను. పాఠశాలలో ప్రథమస్థానమును పొంది, విద్యార్థివేతనముతో న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాలలో చేరి, 1945లో గణితశాస్త్రమున పట్టభద్రురాలయ్యెను. పిమ్మట కొలంబియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించి, 1948లో డాక్టరు పట్టమును పొందెను.

ఆ పరిశోధనలో అణువుల శక్తిని లెక్కకట్టవలసి వచ్చెను. చేతితో చేసినచో ఆ లెక్కలు ఒక పట్టున తెమలునవి కావు. ఆ కాలమున వ్యాపారసంస్థలు తమ జమాఖర్చులకై రంధ్రములు పొడిచిన అట్టలతో నడచు యంత్రములను వాడుచుండెను. మార్గరెట్ ఆ యంత్రములచేతనే రసాయనశాస్త్రపు లెక్కలు చేయించెను. ఒక శాస్త్రపు చిక్కును మరియొక రంగపు సాధనముతో విడదీయు ఈ నేర్పు ఆమెకు జీవితాంతము తోడుగా నిలిచెను.

1948లోనే ఆమె ఎడ్వర్డ్ డేహాఫ్ అను భౌతికశాస్త్రజ్ఞుని వివాహమాడెను. వారికి ఇద్దరు కుమార్తెలు కలిగిరి. వారి పెంపకమునకై ఆమె కొన్ని సంవత్సరములు పరిశోధన నుండి తొలగియుండెను. అయినను చదువుపై ఆసక్తిని విడువక, 1960లో వాషింగ్టన్ ప్రాంతమందలి జాతీయ జీవవైద్య పరిశోధనా ప్రతిష్ఠానమున చేరెను. ఆమె ప్రసిద్ధ కృషి యంతయు అచటనే సాగెను.

ప్రాణుల దేహములలో ముఖ్యమైన పనుల ననేకము నిర్వహించునవి మాంసకృత్తులు. ఇరువది విధములైన ఆమినో ఆమ్లములు హారమందలి పూసలవలె వరుసగా కూర్పబడుటచే మాంసకృత్తులు ఏర్పడును. పూసల వరుస మారినచో వాని గుణమును మారవచ్చును. ఇంగ్లండునందు ఫ్రెడరిక్ సాంగర్ 1955 నాటికి ఇన్సులిన్ అను మాంసకృత్తు యొక్క పూర్తి వరుసను కనుగొనెను. కాని పొడవైన గొలుసును ఒక్కమారుగా చదువు ఉపాయము అప్పుడు లేదు. దానిని తునుకలుగా ఖండించి, ఒక తునుక చివర మరియొకదాని మొదలుతో సరిపోవునేమో చూచి, మొత్తమును కూర్చవలసియుండెను. మార్గరెట్ తన సహచరుడైన రాబర్ట్ లెడ్లీతో కలిసి, ఈ కూర్పును కంప్యూటరుచే చేయించు ప్రోగ్రామును 1962లో ప్రకటించెను. మనుష్యులకు నెలల కొలది పట్టు శ్రమ నిమిషములలో ముగియుటకు దారి యేర్పడెను.

అప్పటికి కనుగొనబడిన వరుసలు పలు పత్రికలలో చెల్లాచెదరుగా పడియుండెను. మార్గరెట్ వానినన్నిటిని వెదకి, తప్పులను సరిచూచి, 1965లో ఒక అట్లాసుగా ప్రకటించెను. అందు 65 మాంసకృత్తుల వరుసలు గలవు. స్థలమును పొదుపు చేయుటకై ఒక్కొక్క ఆమినో ఆమ్లమునకు ఒక్కొక్క ఆంగ్లాక్షరమును సంకేతముగా నిర్ణయించెను. ఫినైల్ అలనీన్ అను దానికి ధ్వనిసామ్యమునుబట్టి ‘ఎఫ్’ అను అక్షరము వచ్చెను. ఆ సంకేతములే నేటికిని లోకమంతట వాడుకలో నున్నవి.

వరుసలను ప్రక్కప్రక్కన నుంచగా ప్రాణుల చుట్టరికము బయటపడెను. సైటోక్రోమ్ సి అను మాంసకృత్తులో మనుష్యునికిని రీసస్ కోతికిని ఒక్కచోట మాత్రమే భేదము. మనుష్యునికిని గుఱ్ఱమునకును పండ్రెండుచోట్ల భేదము. దగ్గరి బంధువుల నడుమ భేదములు తక్కువ, దూరపు బంధువుల నడుమ ఎక్కువ. ఈ భేదములనుబట్టి ఆమెయు, రిచర్డ్ ఎక్ అను సహచరుడును కంప్యూటరు సాయముతో ప్రాణుల వంశవృక్షమును నిర్మించిరి. 1978లో ఆమె బృందము 71 మాంసకృత్తుల వర్గములలోని 1,572 మార్పులను లెక్కించి, ఏ ఆమ్లము ఏ ఆమ్లముగా మారుట సులభమో తెలుపు పట్టికలను సిద్ధము చేసెను.

ఇంతటి కృషికి తగిన గౌరవము ఆమెకు సులభముగా లభింపలేదు. ఇతరులు కనుగొన్నదానిని ప్రోగుచేయుట పరిశోధన కాదని ప్రయోగశాలలలోని పలువురు తలంచిరి. ప్రభుత్వ ధనసహాయము చాలక అట్లాసును వెలకు అమ్మవలసి వచ్చెను. మా ఫలితములను తీసికొని మాకే అమ్ముచున్నారని కొందరు నొచ్చుకొనిరి. ఆ ఫిర్యాదు పూర్తిగా నిరాధారము కాకున్నను, అమ్మకము లేనిచో అట్లాసు వెలువడుటయే కష్టమైయుండెడిది. 1980లో ఆమె తన సమాచారమును టెలిఫోను తంతిద్వారా దూరపు కంప్యూటరులకు అందించు ఏర్పాటు చేసెను. అయినను 1982లో అమెరికా ప్రభుత్వము జన్యువుల వరుసలకై జాతీయ భాండారమును నెలకొల్పినపుడు, ఆ పని ఆమె సంస్థకు గాక మరియొక బృందమునకు దక్కెను. ఇరువది సంవత్సరములుగా ఆ మార్గమును వేసినవారికి అది గట్టి దెబ్బ. కొలది మాసములకే, 1983 ఫిబ్రవరి 5వ తేదీన, 57 ఏండ్ల వయస్సున ఆమె గుండెపోటుతో మరణించెను.

ఆమె సేకరించిన సమాచారము మాత్రము నశింపలేదు. సహచరులు 1984లో దానిని మాంసకృత్తుల సమాచార కేంద్రముగా పెంపొందించిరి. అది 2002లో ఐరోపా సంస్థలతో కలిసి యూనిప్రోట్ అను మహాభాండారమయ్యెను. నేడు విశ్వవిద్యాలయములలో స్నాతకోత్తర విద్యార్థులు అభ్యసించు బయోఇన్ఫర్మేటిక్సునకు ఆమె వేసిన బాట ప్రధానమైనది. దేహమందలి భాగములు కలసి పనిచేయు తీరును లెక్కలతో తెలిసికొనగోరు జీవవ్యవస్థాశాస్త్రము సైతము ఇట్టి భాండారముల నాశ్రయించియున్నది. చెదరిన విద్యను ఓర్పుతో ఒకచోట చేర్చుటయు పరిశోధనయే యని ఆమె జీవితము నిరూపించుచున్నది.